సంతకం కింది లింకు

ఆఫీసులో ఆమెను అందరూ సంతకాలమ్మ అనేవారు. జనం కష్టసుఖాలు చెప్పుకునే ఇంటర్నెట్ ఫోరమ్‌లలో సభ్యురాలిగా చేరి, అడిగినవాళ్లకు నాలుగు మంచి మాటలు రాయడం ఆమె ఉద్యోగం. ఆమె రాసిన ప్రతి జవాబు కింద, సంతకం ఉండాల్సిన చోట, ఏదో ఒక దుకాణం లింకు దానంతటదే పడేది. అలాంటి లింకులు పెరిగేకొద్దీ సెర్చ్‌లో ఆ దుకాణం పైకి వస్తుందని యజమాని చెప్పాడు.

చెవి బాధలున్నవాళ్ల ఫోరమ్‌లో ఆమెకు ఒక దర్జీ పరిచయమయ్యాడు. మిషను ఆపేసినా చెవిలో ఆడుతూనే ఉంటుందని రాశాడాయన. ఆమె ‘బాబాయిగారూ’ అని పలకరించింది. మెల్లగా ఆయన ఇంటి సంగతులూ చెప్పసాగాడు. సరిగా వినబడక కోడలితో మాటామాటా వస్తోందట. వాటికీ ఆమె ఓపిగ్గా బదులిచ్చేది. కింద చెవిలో వేసుకునే చుక్కల మందు లింకు ఉండేది. కొనమని ఆమె ఏనాడూ అనలేదు. ఆ లింకు కంప్యూటర్ల కోసమే గానీ మనుషుల కోసం కాదనుకునేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన రాసింది చదివింది.

“అమ్మాయీ, నీ పేరు కింద ఉందిగదా అని ఆ చుక్కలు తెప్పించుకున్నా. లోపల పొరకి చిల్లు ఉంటే అవి వెయ్యకూడదని నాకేం తెలుసు? ఆ చెవి ఇక వినబడదన్నాడు డాక్టరు. నువ్వేం బాధపడకు. మంచికే పెట్టుంటావు.”

తిట్టినా బాగుండేది. తింటున్న అన్నం వదిలేసింది.

లేచి యజమాని దగ్గరికి వెళ్లింది. “ఆ మందు లింకు తీసేస్తాను సార్.”

“తీసెయ్. సంతకం లింకుల్ని సెర్చ్‌వాళ్లు పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. దుకాణాలవాళ్లు అడుగుతున్నారని పెడుతున్నాం, అంతే.”

“మరి నాకు చెప్పలేదేం?”

“చెబితే నువ్వు మనసుపెట్టి రాస్తావా?”

ఆమె సంతకం గడి ఖాళీ చేసింది. పాత జవాబులన్నిటి కిందా లింకు ఒక్క దెబ్బకు మాయమైంది. ఇప్పుడవి ఎవరో దయగల మనిషి రాసినట్టున్నాయి. అది చూశాక మరీ సిగ్గేసింది.

అందరూ చదివేలా రాసింది: “బాబాయిగారూ, నాకు చెవి జబ్బేం లేదు. ఆ మందు నేనెప్పుడూ చూడను కూడా లేదు. లింకు పెట్టడం నా ఉద్యోగం. మీ చెవి నావల్లే పోయింది.”

కాసేపటికి దర్జీ జవాబిచ్చాడు. “మా కోడలు ఎలా ఉందని అడిగేదానివి. అదీ ఉద్యోగమేనా?”

కాదని రాయబోయింది. మొదట్లో ఉద్యోగమే. ఎప్పుడు కాకుండా పోయిందో తనకే తెలియదు. రాస్తూ, కొట్టేస్తూ ఉండగానే నిర్వాహకులు ఆమెను ఫోరమ్ నుంచి తీసేశారు.

ఇంట్లో అక్క నచ్చజెప్పబోయింది. “కొనమని నువ్వు అనలేదుగా.”

“అనక్కర్లేకుండా చేశానక్కా.”

ఆ ఉద్యోగం మానేసి ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరింది. ఫోరమ్‌లో రాయలేకపోయినా చదవడానికి అడ్డులేదు. ఈమధ్య దర్జీ మళ్లీ రాస్తున్నాడు. కోడలు ఇప్పుడు వినబడే చెవి వైపు కూర్చుని మాట్లాడుతోందట. ఆమెకు సంతోషమేసింది. ఆ సంతోషం తనకు తగనిదన్నట్టు వెంటనే పేజీ మూసేసింది.