లేని బీడీ

బోధన్‌లో మా పక్కింటి అవ్వ బీడీలు చుట్టేది. మాటల్లో ఉన్నా, బువ్వ తిని గోడకు ఒరిగినా ఆమె బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉండేది. చేతిలో ఆకు ఉన్నా, లేకున్నా.

బీడీలు ఏరడానికి కార్ఖానా మనిషి వచ్చేవాడు. వేళ్ల మధ్య నొక్కి చూసి, వదులుగా ఉన్నవాటిని పక్కకు విసిరేసేవాడు. వాటికి కూలి లేదు. సర్కారు చెప్పిన కనీస కూలి అవ్వకు ఎందుకివ్వరని ఒకసారి నేనే అడిగాను.

"గా కూలి కార్ఖానల చేసేటోల్లకక్కా. ఇంట్ల కూసున్నోల్లకు రాదు. అవ్వది పనేనా? పొద్దు పోతలేదని ఊకె చుడుతది" అన్నాడు.

అవ్వ తలెత్తలేదు. "ఏందే, మనం పని జేస్తలేమంట" అని తన వేళ్లకు చెప్పింది.

తర్వాత అవ్వకు మతి పోయింది. కొడుకునూ గుర్తుపట్టేది కాదు. ఇంట్లోవాళ్లు చాట, కత్తెర దాచేసినా వేళ్లు ఆగలేదు. లేని ఆకులో లేని తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది.

ఒక మధ్యాహ్నం, మిగిలిన ఆకు తీసుకుపోవడానికి ఆ కార్ఖానా మనిషి వచ్చాడు. అవ్వ చుట్టడం పూర్తిచేసి, ఖాళీ అరచేయి అతని ముందు చాపింది. అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అతని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆ అరచేతిలోంచి ఏదో తీసి, వేళ్ల మధ్య పెట్టి నొక్కాడు.

పక్కకు విసిరేశాడు.

అది ఎక్కడ పడిందోనని అవ్వతోపాటు నేనూ చూశాను.