సుగ్గికి పోయిన ఊరు

ఈ ఉదయం పాల ప్యాకెట్టు కోసం ఆదోని రోడ్డు మీదికి వచ్చేసరికి, గిన్నెలూ దుప్పట్లూ కోళ్ళ గంపలతో సహా మనుషులను కుక్కుకున్న టెంపోలు వరుసగా పోతున్నాయి. దీపావళి వెళ్ళింది కదా, సుగ్గి మొదలైంది; మా పడమటి పల్లెలు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కదిలే కాలం. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆ మనుషుల మీద కాదు, మా చదువుల మీద.

వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే రోజుల్లో వాళ్ళను కౌతాళం దగ్గరి ఒక ఊరికి ఏటా రెండు విడతలు తీసుకుపోయేవాణ్ణి, వానాకాలంలో ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి, ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు అప్పగించి. ఒక ఏడు, కోస్తా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి తొలిచూలు కోడలున్న ఇల్లు వచ్చింది. ఆ కోడలు రక్తం లేక పాలిపోయి ఉండేది. మా అమ్మాయి ఆమె వెంట చేనుకు పోయి, ఆ ఇంట్లో మాట్లాడే కన్నడం నాలుగు ముక్కలు కూడా నేర్చుకుని, పక్కన కూర్చుని మాత్రలు మింగించి, మళ్ళీ వచ్చి కాన్పుకు నేనే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతానని మాట ఇచ్చింది.

రెండో విడత సుగ్గికి ముందే పెట్టండి, తర్వాత ఊళ్ళో మనుషులే ఉండరని మా ప్రిన్సిపాలు కాళ్ళావేళ్ళా పడినంత పని చేశాను. టైంటేబుల్ పైనుంచి వచ్చిందన్నాడాయన. ఆ పైవాళ్ళు ఏనాడూ పత్తిచేను గట్టు తొక్కని మహానుభావులు.

చివరికి దీపావళి దాటాకే పోయాం. ఆ ఇంటికి తాళం, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప. వయసు మళ్ళి సుగ్గికి పోలేక ఉండిపోయిన పొరుగింటి అవ్వ మా అమ్మాయికి చెప్పింది:

"ఆ పిల్ల రానని మొండికేసిందమ్మా, డాక్టరమ్మ వస్తాది, నేను ఈడనే ఉంటానని. నిండు చూలాలిని ఒక్కదాన్ని యాడ ఇడిసిపెట్టి పోతారు? యెంట తోలుకపోయినారు. ఆడ గుడిసెలోనే కాన్పయింది, నెత్తురు నిలబడల్యా. సచ్చిపోయింది తల్లీ."

మా అమ్మాయి అవ్వ పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది. పరీక్షలో, రెండో విడత పరిశీలన లేదని ఆమెకు మార్కులు కోశారు. పరీక్షకుల గదిలోకి పోయి నోరు నొప్పి పుట్టేదాకా అరిచాను, ఏమీ కాలేదు.

ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, పిల్లలు ఏసీ బస్సుల్లో పోతున్నారు, తలా ఒక కుటుంబాన్ని దత్తత తీసుకుంటారట. మాట వినడానికి ఎంత చల్లగా ఉందో. అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న నా పాత శిష్యుడికి ఇంతకుముందే ఫోన్ చేసి, ఈ ఏడు రెండో విడత ఎప్పుడని అడిగాను. వచ్చే సోమవారమే సార్, బస్సు కూడా మాట్లాడేశాం అన్నాడు.