హోసూరు రోడ్డు మీద లేని ఆవు

లారీకి ఇన్సూరెన్సు చేయించండి అంటే ఎదుటివాడు శాపం తగిలినట్టు చూసే కాలం ఒకటి ఉండేది. తొంభైల్లో, నేను డిగ్రీ పూర్తిచేసి బెంగుళూరు కలాసిపాళ్యంలో లారీ ఆఫీసుల సందున ఒక ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గర పనికి చేరిన కొత్తలో, ఆ చూపులు నేను చాలా తిన్నాను. మా యజమానిని లారీవాళ్ళందరూ పాలసీ అన్న అనేవాళ్ళు. ఆయన టీ తాగినంత తేలిగ్గా పాలసీలు అమ్మేవాడు. నేను మాత్రం నోరు తెరిస్తే చాలు, గిరాకీలు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. (తప్పు నాదేనని ఇప్పుడు తెలుస్తోంది. "మీ బండి లోయలో పడిందనుకోండి" అని మొదలుపెట్టేదాన్ని. పొద్దున్నే బోణీ వేళ ఆ మాట ఎవడు వింటాడు?)

నాకు దక్కిన తొలి గిరాకీ మా మేనమామే. సొంత లారీని తానే నడుపుకునే మనిషి. బెంగుళూరు నుంచి హోసూరుకీ కృష్ణగిరికీ సరుకు తోలేవాడు. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే పాలసీ చట్టం కోసం ఎలాగూ ఉండేది. సొంత లారీకి దెబ్బ తగిలితే ఆదుకునే ఫుల్ పాలసీ మాత్రం ఆయనకు గిట్టేది కాదు. "ఫుల్లు ఇన్సూరెన్సంటే మన బండి పడిపోవల్లని మనమే మొక్కుకొనేది గదా పాపా? నేను మొక్కను" అనేవాడు. మా అత్తే ఒప్పించింది. "పాప తొలి బేరము. కాదంటే దాని మొగం ఎట్లయితాదో చూడు. మాట్లాడకుండా కట్టు సుమ్మనే" అన్నది. ఆమె మాటకు మామ దగ్గర అప్పీలు లేదు.

అత్త గురించి చెప్పాలి. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో ఒక్కతే ఉండి గోడలతో ఏం మాట్లాడేదని, మామతో పాటు లారీలోనే తిరిగేది. క్యాబిన్‌లో ఎడమవైపు సీటు ఆమెది. అక్కడ కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది, మైలురాళ్ళు పైకి చదివేది, ముందు పోయే బస్సువాళ్ళను తిట్టేది. స్టాండులో మిగతా డ్రైవర్లు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళే ఆమెను సెకండ్ డ్రైవరమ్మ అని పిలిచేవాళ్ళు. అలాంటి మనిషి వానాకాలం జ్వరంలో, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అన్నట్టు, పోయింది. కర్మ ముగిసిన మర్నాడే మామ లారీ తీశాడు. ఇంట్లో కూర్చోలేనన్నాడు. ఎవరూ ఆపలేదు. ఏం చెప్పి ఆపుతాం?

తర్వాత కొన్ని వారాలకు, ఒక ఉదయం నేను ఆఫీసు తలుపు తీస్తుండగానే ఫోను మోగింది. చందాపుర నుంచి, ఎస్టీడీ బూతులోంచి మామ. "పాపా, బండి పండుకొనింది" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. (మామ ఎప్పుడూ లారీ పడింది అనడు. ఎద్దు పండుకున్నట్టే అంటాడు.) దెబ్బలు తగిలాయా అంటే, "నాకేమయితాది? నేను బాగుండా" అన్నాడు. ఆ 'బాగుండా'లో బాగు ఎక్కడా వినిపించలేదు.

పాలసీ అన్న, నేను బస్సెక్కి పరిగెత్తాం. ఎలక్ట్రానిక్ సిటీ దాటి, చందాపుర దాటి, అత్తిబెలె చెక్‌పోస్టు ఇంకాస్త దూరం ఉందనగా బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క పొలమంతా తెల్లగా ఉంది. ఆ రోజు మామ వేసుకున్న లోడు బొరుగులు, అంటే మరమరాలు. లారీ కాలువలో పక్కకు ఒరిగి ఉంది. బస్తాలు పగిలి, బొరుగులు గాలికి మల్లెపూలలా ఎగురుతున్నాయి. చుట్టుపక్కల జనం బుట్టలతో, పంచెలతో వచ్చేశారు, ఒకామె ఏకంగా దుప్పటితో వచ్చేసింది. నడుమ మామ నిలబడి, పెళ్ళివారి వడ్డనలా, "తీసుకోండప్పా, తీసుకోండి. మట్టిపాలయ్యేదానికన్నా మేలు గదా" అంటున్నాడు. ఆ దృశ్యం చూసి నాకు నవ్వొచ్చింది. దగ్గరికి వెళ్ళి ఆయన ముఖం చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నష్టం అంచనా వేసే కంపెనీ సర్వేయరు వచ్చేలోపు అసలు సంగతి తెలుసుకోవాలి. ఎలా జరిగిందని అడిగితే మామ తల వంచుకుని "నాదే తప్పప్పా" అన్నాడు. నిద్రపోయి ఉంటాడని మేమిద్దరం తీర్మానించుకున్నాం. తప్పు నాదేనని సర్వేయరు ముందు అంటే క్లెయిము పోయినట్టేనని పాలసీ అన్నకు భయం. లారీ తప్ప మామకు ఇంకో ఆధారం లేదు. రోడ్డు పక్క టీ అంగట్లో మామను కూర్చోబెట్టి పాలసీ అన్న గొంతు తగ్గించాడు. "ఆవు అడ్డమొచ్చె అని చెప్పప్పా. గోమాతను తప్పించబోయినా అంటే ఎవురూ నోరెత్తరు."

"లేని ఆవును యాడినుంచి తెచ్చేదప్పా?" అన్నాడు మామ.

తేవడానికి నేనున్నానుగా! కాలేజీలో వక్తృత్వ పోటీల్లో గెలిచిన దాన్ని. ఆవుకు ఎర్ర రంగు వేశాను, కొమ్ము ఒకటి విరిచాను, వెనకాల ఒక దూడను కూడా తోలాను. మామ చేత వల్లె వేయించాను. "చెప్పు మామా, ఏమొచ్చింది అడ్డం?" "బర్రె." "బర్రె కాదు, ఆవు!" "ఆ, ఆవు. దూడ ముందర వచ్చెనా, ఎనకాల వచ్చెనా?" పాలసీ అన్న నుదురు కొట్టుకుని దూడను రద్దు చేశాడు.

మధ్యాహ్నానికి సర్వేయరు వచ్చాడు. కోలారు వైపు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, మాలాగే తెలుగు మాట్లాడతాడు. లారీ చుట్టూ తిరిగాడు, ఫోటోలు తీశాడు, మోకాళ్ళ లోతు బొరుగుల్లో దిగి ఇరుసు చూశాడు. తర్వాత మామ దగ్గరికొచ్చి, "ఏమయిందప్పా?" అన్నాడు.

"ఆవు సార్..." అన్నాడు మామ.

సర్వేయరు నవ్వేశాడు. "మళ్ళా ఆవేనా? ఈ హోసూరు రోడ్డులో నేను రాసిన ఆవులన్నీ నిజమైతే బెంగుళూరులో పాలు ఊరికే పోస్తారప్పా."

నేను భూమిలోకి కుంగిపోయాను. మామ మాత్రం నవ్వలేదు, బెదరలేదు. కొంచెంసేపు లారీ వైపు చూశాడు.

"ఆవు లేదు సార్. ఏమీ అడ్డం రాలే. పొద్దున ఎండ ఎడమపక్కనుంచి పడతా ఉండె. మా ఇంటామెకు కండ్లలో పడితే తలనొప్పి వస్తాది. కిటికీ గుడ్డ దించుకోమే అని చెప్తా ఇట్ల తిరిగినా. సీట్లో ఎవురూ లేరు. లేరు అని తెలుసు సార్, తెలీకుండా ఏముండాది! అయినా అట్లే చూస్తా ఉండిపోతిని. బండి పోతా ఉండేది మరిచిపోతిని."

సర్వేయరు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "ఎప్పుడు పోయిందప్పా ఆమె?" అని మెల్లగా అడిగాడు. మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు.

సర్వేయరు నా వైపు తిరిగి, "ఏమ్మా, సొంత డ్యామేజి పాలసీ అంటే డ్రైవరు పొరపాటుకు కూడా వర్తిస్తాది. తాగి ఉండకూడదు, లైసెన్సు ఉండల్ల, అంతే. నువ్వు అమ్మిన పాలసీనే గదా, చదవలేదా?" అన్నాడు. చదవలేదు. అందులోని అక్షరాలు బొరుగు గింజల కంటే చిన్నవి. కాగితం మీద ఆయన, డ్రైవరు దృష్టి ఒక క్షణం పక్కకు మళ్ళినందున, అని మాత్రం రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మామ భుజం మీద ఒక నిమిషం చెయ్యి వేశాడు.

క్లెయిము వచ్చింది. లారీ బాగై, కొత్త రంగుతో ఇంటి ముందు నిలిచింది. మామ ఎక్కలేదు. రోజూ తుడిచేవాడు, ఇంజను స్టార్టు చేసి ఆపేసేవాడు. చివరికి ఒక ఆదివారం నా దగ్గరికొచ్చి, "పాపా, ఒక తూరి నా జతలో వస్తావా? అత్తిబెలె దాకా. నువ్వు ఆ పక్క కూర్చోని ఏమన్నా మాట్లాడతా ఉంటే నేను ముందర చూసుకోని నడుపుతా" అన్నాడు.

ఎక్కాను. మడివాళ వరకు ఊరికే కిటికీ అంచు పట్టుకుని కూర్చున్నాను. అత్త ఏం మాట్లాడేదో గుర్తు తెచ్చుకోబోతే ఆమె గొంతే వినిపిస్తోంది. మామ చూపు మాటిమాటికీ నా సీటు వైపు జారుతోంది. భయమేసి, నోటికొచ్చింది మొదలుపెట్టాను. నోటికొచ్చింది ఏమిటయ్యా అంటే, ఇన్సూరెన్సు. (సర్వేయరు తిట్టాక పాలసీ మొత్తం భూతద్దం పెట్టి చదివానుగా.) థర్డ్ పార్టీ అంటే ఎవరు, అద్దం పగిలితే ఏమిస్తారు, టైరు పేలితే ఎందుకివ్వరు, క్లెయిము లేని ఏడాదికి తగ్గింపు ఎంత, యుద్ధం వచ్చి బాంబు పడితే కంపెనీ ఎందుకు చేతులెత్తేస్తుంది... ఒక్కటీ వదల్లేదు. నేను మొదలుపెట్టాక మామ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి, స్టీరింగు మీద తల ఆనించి, "మీయత్త ఇన్నేండ్లలో నాకు ఇంత బేజారు చెయ్యలే పాపా" అన్నాడు. అని నవ్వాడు. అత్త పోయాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఆయన ముగించేవరకు.

ఆ తర్వాత మామ చాలా ఏళ్ళు ఒక్కడే నడిపాడు. ఇప్పుడు ఆయనా లేడు. అప్పటి ఆయన వయసు నేనూ దాటాను. అప్పుడప్పుడు ఆ ఆదివారం గుర్తొస్తే, లారీలో అత్త సీట్లో కూర్చున్న ఆ పిల్లను చూసి నవ్వుకుంటాను. దుఃఖంలో ఉన్న మనిషికి బాంబు క్లాజు వివరించిన మహాతల్లి. దారంతా మాట్లాడింది, ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా లారీ రోడ్డు దిగలేదు.