మార్త చదివిన ఫొటో

"కో కాయ్... ఖో ఖాయ్... ఖో ఖ్వాయ్..."

కుక్కర్ కూత ఆగిన సందులో ఆ గొంతు వినపడుతుంది. వంటగది తలుపు ఇంకా మూసే ఉంటుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ వెనక వీధిలో నేనుండే లేడీస్ హాస్టల్లో అలారం కంటే ముందు పిల్లల చెవిన పడేది అదే. కొత్తగా చేరినవాళ్లు ఎవరో చిన్నపిల్ల ఎక్కాలు బట్టీ పడుతోందనుకుంటారు. తలుపు తీస్తే కత్తిపీట ముందు నలభై రెండేళ్ల మార్త, పక్కన ఉల్లిపాయల గుట్ట. ఒక్కో అక్షరానికి ఒక్కో ఉల్లిపాయ తెగుతుంది.

అవి థాయ్ అక్షరాలు. మొదటిదానికి బొమ్మ కోడి, తర్వాతిదానికి గుడ్డు. ఇంకాస్త ముందుకి వెళ్తే గేదె, పాము. మన పెరడే లేచి అక్కడి బడికి వెళ్లిందని మార్తకి మొదటిరోజే అనిపించింది.

కంకిపాడు దగ్గర రొయ్యల మేత కంపెనీ గెస్ట్ హౌస్‌లో వండిపెట్టే రోజుల్లో అబ్బింది ఆ చదువు. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఇద్దరు టెక్నీషియన్లు అక్కడ ఉండేవారు. వాళ్లు తెచ్చుకున్న సీసాలన్నీ ఒకే రంగు. చేపల రసం అనుకుని మార్త ఒకనాడు తియ్యటి పాకమేదో కూరలో పోసేసింది. వాళ్లలో పెద్దాయన నవ్వాడే గానీ కసరలేదు. క్యాలెండర్ కాగితం వెనక అక్షరాలన్నీ రాసి, పక్కన బొమ్మలు గీసిచ్చాడు. ఆయన వెళ్లిపోయాడు, గెస్ట్ హౌస్ ఎత్తేశారు, ఆ కాగితం మాత్రం మార్త దగ్గర ఉండిపోయింది.

మార్త భర్త మరియదాసు ఆ కంపెనీలోనే వ్యాను తోలేవాడు. టెక్నీషియన్ల కబుర్లు విని విని ఆయన మనసు ఆ దేశం మీదికి మళ్లింది. మూడేళ్ల కిందట ఎవరో ఏజెంటు పుకెట్‌లో హోటల్ పని అంటే బయల్దేరాడు. ఎయిర్‌పోర్టు దాకా వస్తానంటే వద్దన్నాడు. మార్త బస్టాండ్‌లోనే చెయ్యి ఊపింది. పాత నంబరు వాట్సాప్ అక్కడా పనిచేస్తుందట. వీడియో కాల్ మాత్రం హోటల్ వాళ్లు ఒప్పుకోరట. ప్రతి ఆదివారం ఒక ఫొటో, కాసేపు మాట. ఫొటోలో ఇసుక, నీళ్లు, మధ్యలో మరియదాసు.

పిల్లలు లేని ఇంట్లో ఒక్కత్తే ఉండలేక మార్త హాస్టల్లో వంటకి చేరింది. కాగితం మళ్లీ బయటికి తీసింది. ఫోన్‌లో వీడియోలు చూస్తూ మాటలు కూడబలుక్కుంది. అక్కడే ఏ వంటింట్లోనో కుదురుకుంటే ఆయన దగ్గర ఉండొచ్చు కదా. పాస్‌పోర్టు వచ్చింది. హాస్టల్ నడిపే రూతమ్మగారితో క్రిస్మస్ దాకానే ఉంటానని చెప్పేసింది.

ఇక కావలసింది చదివే అలవాటు. ఒక ఆదివారం ఫోన్‌లో భర్తని అడిగింది. "ఎప్పుడూ సముద్రమేనా? ఏదన్నా బోర్డు ముందు నిలబడి తీసుకోకూడదూ? చదువుకుంటాను."

అటువైపు గాలి చప్పుడు. చూస్తాలే అన్నాడు.

మూడు ఆదివారాలు ఉత్త సముద్రమే వచ్చింది. నాలుగోసారి అక్షరాలు వచ్చాయి.

మార్త పకోడీలు వేస్తోంది. బ్యాంకు పరీక్షలకి చదివే శాలిని, సాయిశ్రీ ఫోన్ ముందే లాగేసుకున్నారు. మరియదాసు వెనక పసుప్పచ్చటి పరదా, దాని మీద నల్లటి రాత, పక్కగా సముద్రం. బావగారికి కలర్ వచ్చిందక్కా, ఇది పట్టాయానే అంది శాలిని. పట్టాయా నీ మొహం, ఇన్నేళ్ల నుంచి పుకెట్ అంటుంటే అంది సాయిశ్రీ. పందెం పెద్ద చాక్లెట్ దాకా వెళ్లింది.

"మనం కొట్టుకోవడం ఎందుకే, మేడమ్‌గారు ఉండగా. చదువక్కా."

మార్త చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. మొదటి మాటకి ఊపిరి తీసినంత సేపు కూడా పట్టలేదు. ఆహారం. అక్కడా ఆ మాటే, చివర కొంచెం ముక్కుతో పలుకుతారు. రెండోది రొయ్య. గెస్ట్ హౌస్ ఫ్రిజ్‌లో డబ్బాల మీద రోజూ చూసిందే. కింద మూడో నంబరు, ఇరవై కేజీలు. పక్కనే అవే అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. రెంటికీ మధ్య నైలాన్ దారంతో కుట్టు.

మేత సంచులు. చెరువుగట్ల మీద కాపలా పాకలకీ, రోడ్డు పక్క బళ్లకీ ఎండ తగలకుండా డెల్టా అంతా కుట్టి కట్టుకునేవే.

ఆ పైన మిగతా ఫొటో దానంతటదే చదివించుకుంది. సాయంత్రం డ్యూటీ దిగాక తీసుకున్నానని రాశాడు. నీడ చూస్తే పొడుగ్గా సముద్రం వైపు పడి ఉంది. పుకెట్ వీడియోల్లో సాయంత్రమైతే సూర్యుడు నీళ్లలోకి దిగుతాడు, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్ల మొహాలు నల్లబడతాయి. ఇక్కడ మరియదాసు మొహం నిండా వెలుగు. పొద్దు నేల వైపు దిగే సముద్రం మనది. ఆ థాయ్ సంచులు వెళ్లేది రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలకి. ఆయన వ్యాను అప్పట్లో వారానికి రెండుసార్లు వెళ్లేది బాపట్ల వైపు హేచరీలకే.

"ఏ బీచ్ అక్కా?"

"బీచ్ కాదే. ఏదో హోటల్ పేరు," అంది మార్త. నూనె మాడిపోతోందని అటు తిరిగింది.

తర్వాతి ఆదివారం చర్చిలో పొద్దుటి పూజ అయ్యాక రైలెక్కింది. బాపట్లలో దిగి షేర్ ఆటోలో సూర్యలంక వెళ్లింది. జనం పలచబడ్డ చోట ఆ పసుప్పచ్చ పరదా గాలికి ఉబ్బి కనపడింది. కింద వెంకటప్పయ్య అనే ముసలాయన మొక్కజొన్న కండెలు కాలుస్తున్నాడు. మార్త ఒకటి తీసుకుని, సంచులు ఎక్కడివని అడిగింది.

హేచరీలో పనిచేసే ఒకాయన ఇచ్చాడట. విదేశం పంపిస్తానన్న ఏజెంటు హైదరాబాదులో దింపి మాయమైతే, ఇంటికి మొహం చూపించలేక ఇటు వచ్చి పడ్డాడట. మూడేళ్లయింది. ఆదివారం ఆదివారం ఇక్కడే ఫొటో దిగుతాడట.

"తెలుగు రాతున్న సంచులు వద్దని, ఏరి ఏరి ఈ కోడిగీతలవి కుట్టుకొచ్చాడమ్మా. ఎందుకయ్యా ఇవి అంటే, మా ఆవిడ చదువుద్దండీ అన్నాడు."

మార్త కండె సగం తిని, దూరంగా ఒడ్డుకి లాగిన పడవ వెనక్కి వెళ్లి కూర్చుంది.

అయిదింటికి పాత మోపెడ్ మీద మరియదాసు వచ్చాడు. చిక్కిపోయాడు. ఫొటోల్లో అంత తెలియదు. బనీను మీద, సంచిలోంచి తీసిన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. పరదా ముందు నిలబడి చెయ్యి చాపి నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. వాటిని చాలాసేపు చూసుకున్నాడు.

మార్త ఒళ్లో ఫోన్ బుర్రుమంది. అరవై అడుగుల దూరంలో ఒక మనిషి, అరచేతిలో అదే మనిషి. లేవబోయి మళ్లీ కూర్చుంది. అల వచ్చింది, వెళ్లింది. చొక్కా బాగుంది అని టైపు చేసి పంపింది. ఆయన చదివి నవ్వాడు. చొక్కా విప్పి, మడత నలక్కుండా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రూతమ్మగారితో క్రిస్మస్ తర్వాత కూడా ఉంటానని చెప్పింది. ఏమైందమ్మా అంటే, అక్కడ వంటమనుషులు ఎక్కువైపోయారటండీ అంది. ఫొటోలు వస్తూనే ఉన్నాయి. పిల్లలు చదవమంటే ఒక వారం ఐస్‌క్రీం కొట్టంటుంది, ఒక వారం పోస్టాఫీసంటుంది. అన్నీ ఒకేలా ఉన్నాయేంటక్కా అంటే, ఆ భాషంతేనే అంటుంది.

ఇదంతా నాకొక్కదానికే చెప్పింది. ఆయన్ని ఇంకా అడగలేదా అని నేనంటే, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"కోపం వచ్చాక వెళ్లి అడుగుదామని ఉన్నానండీ. ఇంకా రాలేదు."