పెన్న నీళ్ళ కాంపౌండరు

ఓమ నీళ్ళ వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు రత్నమ్మగారే గుర్తొస్తారు. కోవూరులో అందరూ ఆమెను డాక్టరమ్మ అనేవాళ్ళు. క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, మీసాలు సరిగ్గా రాని వయసులో, ఆమె దగ్గర కాంపౌండరుగా చేరాను.

నాకు ముందు ఆ పని చేసిన రాఘవయ్యను, రోగులను కసురుకుంటున్నాడని ఆమె మాన్పించారు. ఆ ఉక్రోషం ఆమె మీద చూపలేక నా మీద చూపాడు. "వాడు పోసేది మందు కాదు, పెన్న నీళ్ళు. రంగు కలిపి పోస్తా ఉండాడు. అసలు మందు బయట అమ్ముకుంటా ఉండాడు" అని టీ కొట్లన్నీ తిరిగి చెప్పాడు. నిప్పు లేనిదే పొగ రాదనుకునే లోకం కదా! చూస్తుండగానే నాకు 'పెన్న నీళ్ళ కాంపౌండరు' అని పేరు పడింది. మందుకు సీసాలు పట్టుకొచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఉద్యోగం ఊడుతుందన్న భయం కంటే, మా నాన్న నలుగురిలో తల దించుకుంటున్నాడన్న బాధే నన్ను ఎక్కువ తినేసింది.

చివరికి గుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు పెద్దమనుషులు. బతికానురా దేవుడా అనుకుని రత్నమ్మగారికి చెప్పాను.

"చెయ్యబాకయ్యా" అన్నారు.

"ఏమ్మా? నేను తప్పు చెయ్యలేదు గదా!"

"అందుకే వద్దంటా ఉండా. ఈరోజు నీ మాటకు కర్పూరం తోడు కావాలంటే, రేపు నీ ఉత్త మాట ఎవరు నమ్ముతారు?"

"మీ మతంలో ఒట్లు లేవు గాబట్టి..." అని నోరు జారాను.

ఆమె నవ్వేశారు. "మతం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఆ బల్ల అటు పక్క పట్టుకో."

తెర వెనక ఉండే మందుల బల్లను ఇద్దరం మోసుకొచ్చి వరండాలో, రోగుల బెంచీకి ఎదురుగా వేశాం. ఇకమీదట అక్కడే కలపమన్నారు. దొంగను వీధిలో నిలబెట్టినట్టు అనిపించి నాకు ప్రాణం చచ్చిపోయింది. మొదట్లో అందరూ నా చేతుల వంకే చూసేవాళ్ళు, ఇదేంది అదేంది అని అడిగేవాళ్ళు. రానురాను చూడటం మానేసి కబుర్లలో పడ్డారు.

ఆ వానాకాలంలో రాఘవయ్యే వచ్చాడు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పెన్న దగ్గరే గదమ్మా, పోయి తాగమనండి!"

రత్నమ్మగారు మందు చీటీ నా ముందు పెట్టి, "కలుపు" అన్నారు.

కలిపిచ్చాను. నొప్పికి ఓర్చుకోలేక అక్కడే ఒక మోతాదు మింగి, "అబ్బ, ఏం చేదమ్మా!" అన్నాడు.

బెంచీ మీది ముసలమ్మ ఒకావిడ అడిగింది: "పెన్న నీళ్ళు చేదు గూడా ఉంటాయా రాఘవయ్యా?"

వరండా అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కూడా నా మీద నిందలు పడకపోలేదు. ఎవరి ముందూ ఒట్టు వెయ్యలేదు. పని నలుగురికీ కనబడే చోటికి జరుపుకుని, చేసుకుంటూ కూర్చున్నాను.