రిబ్బను కట్టిన గది

అనకాపల్లి నుంచి రోజూ బస్సెక్కి, దేవరాపల్లి దగ్గర ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ ఏడాది ఒక పెద్ద కంపెనీవాళ్ళు మా బడికి పది కంప్యూటర్లు ఇచ్చారు. గది తలుపుకి ఎర్ర రిబ్బను కట్టి, ప్రారంభోత్సవం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు.

మొదట సోమవారం అనుకున్నారు. అడ్డుపుల్ల వేసింది నేనే. "మూఢం ఇంకా పోలేదండీ, శుక్రవారం పెట్టించండి" అని హెడ్మాస్టరుగారికి పంచాంగం చూపించాను. లెక్కల టీచర్ని, నాకెందుకండీ పంచాంగం! ఆయన ఫోను చేసి మార్పించారు.

గురుకుల కాలేజీ సీటుకి అప్లికేషన్ పెట్టడానికి ఆ శుక్రవారం సాయంత్రం ఐదే ఆఖరు. చెరకు తోటల్లో కూలికెళ్ళే ఆవిడ కూతురు, మా పదో తరగతి పిల్ల, వారం ముందే నెట్ సెంటరుకి వెళ్తానంది. నేనే ఆపాను. "మన బడిలోనే పెడదాం, మొదటి అప్లికేషన్ నీదే అవ్వాలి" అన్నాను. పక్కన నిలబడి ఫొటో తీయించుకోవాలని నా ముచ్చట. సీటు రాకపోతే అత్తతో పాటు రొయ్యల కంపెనీలో పనికి పంపేస్తారని ఆ పిల్ల నాకు ముందే చెప్పింది.

శుక్రవారం పదిన్నరకి ఫోనొచ్చింది. కంపెనీ పెద్దసారుకి వీలుపడలేదట, సోమవారం వస్తారట. నా ఫోనులో అప్లికేషన్ పేజీ తెరుచుకోనే లేదు. అప్పుడే నెట్ సెంటరుకి వెళ్ళాల్సింది. గోడవతల పది కంప్యూటర్లు పెట్టుకుని ఎక్కడికో పోవడమేమిటని పంతం పట్టాను. "ఇచ్చినవాళ్ళ చేతుల మీదుగా తెరవాలి కదమ్మా" అని హెడ్మాస్టరుగారు తాళంచెవి ఇవ్వనన్నారు. బతిమాలాను, ఏడ్చాను, చివరికి అరిచాను. తాళంచెవి చేతికొచ్చేసరికి రెండు దాటింది. రిబ్బను తెంపి లోపలికి వెళ్ళాం. తెర వెలిగింది, పాస్‌వర్డ్ అడిగింది. పదీ అదే అడిగాయి. అది తెలిసిన కంపెనీ టెక్నీషియన్ ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు.

పిల్లని ఆటోలో ఎక్కించుకుని దేవరాపల్లి పరిగెత్తాను. నెట్ సెంటరు ముందు జనం బారులు తీరి ఉన్నారు. మా వంతు నాలుగూ నలభైకి వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, మార్కులు ఎక్కాయి. ఫొటో దగ్గర చక్రం తిరగడం మొదలుపెట్టింది. కనపడ్డ దేవుడికల్లా మొక్కుకున్నాను. ఐదయ్యేసరికి గడువు ముగిసిందని తెర మీద పడింది.

కబురందుకుని తల్లి తోటలోంచి అలాగే వచ్చేసింది, కాళ్ళనిండా మట్టితో.

"అయిపోనాదా మేడమ్మా? రేపు సేత్తే అవ్వదా?"

పిల్లే చెప్పింది. "అవ్వదే అమ్మా. రా, ఎల్లిపోదాం." వాళ్ళలో ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున్నే తెగిన రిబ్బను నేనే ముడేసి కట్టాను. పెద్దసారు ఆ ముడి పక్కనే కత్తిరించారు. కత్తెర పెట్టిన పళ్ళెం పట్టుకున్నది ఆ పిల్లే. బాగా చదివే పిల్ల అని హెడ్మాస్టరుగారు ఎప్పుడో ఖాయం చేశారు, మార్చమని చెప్పే మొహం నాకు లేకపోయింది.

"కంప్యూటర్లు వచ్చాయి కదమ్మా, ఏం చేస్తావు?" అని సారు నవ్వుతూ అడిగారు.

"అప్లికేసను పెట్టుకుందునండి. సుక్కురోరంతో అయిపోనాదండి" అంది.

ఆయనకి ఏం అర్థమైందో, "వెరీ గుడ్" అని చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.