చిట్కుల్ సముద్రంలో నేనూ, మేకపోతూ

ఆ రోజుల్లో నాకు సముద్రమంటే ప్రాణం. చూసి ఉంటే అంత ఉండేది కాదేమో. మాది సంగారెడ్డి బజార్లో పప్పులూ బెల్లమూ అమ్ముకునే కుటుంబం. మా నాన్న లెక్కలో నీళ్ళు రెండే రకాలు, నల్లాలో వచ్చేవీ, రానివీ. అలాంటి ఇంట్లో పుట్టి, డిప్లొమా గట్టెక్కి, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీ సూపర్‌వైజర్‌గా చేరి, షిఫ్టులకు దగ్గరగా ఉంటుందని చిట్కుల్‌లో రేకుల గది కిరాయికి తీసుకున్న నేను, తీరిక దొరికితే చదివేవి మాత్రం ఓడలు మునిగిపోయే కథలు. అంగట్లో కిలోల లెక్కన అమ్మే పాత పుస్తకాల కుప్పలో ఓడ బొమ్మ కనిపిస్తే చాలు, బేరమైనా ఆడకుండా కొనేసేవాణ్ణి (బేరం ఆడకపోవడం మా ఇంటా వంటా లేదు, నాన్నకు తెలిస్తే ఓడ మునిగినంత పని అయ్యేది). నడిసముద్రంలో ఒంటరి నావికుడు, పక్కన ఒక మూగజీవం, పైన దేవుడు, కింద సొరచేపలు. ఇంతకంటే మంచి జీవితం ఉంటుందని నేననుకోలేదు.

చదివినదాన్ని ఎవరికైనా చెప్పకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. ఫ్యాక్టరీలో బిహార్ కుర్రాళ్ళు ఒకసారి మర్యాదగా విన్నారు, రెండోసారి "సార్, ఖానా హో గయా?" అని మాట మార్చారు. చివరికి దొరికిన శ్రోత మా గది ఓనరన్న వాళ్ళ అమ్మ. కాలనీ అంతా ఆమెను అవ్వ అనేది, నేనూ అదే అనేవాణ్ణి. నాట్లు వేసీ కలుపు తీసీ నడుం వంగింది కానీ మాట వంగని మనిషి. సాయంత్రాలు గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేది. ఒకరోజు ఓడ మునిగిపోయి, ఒక నావికుడూ ఒక పిల్లీ చిన్న పడవలో మిగిలిన కథ గొంతు వణికిస్తూ చెప్పాను.

"పిల్లికి పాలెక్కడియి బిడ్డా?" అంది అవ్వ.

"పాలు లేవవ్వా. చేపలు వట్టి పెట్టిండు."

"మరి ఆయన ఏ దేవునికి మొక్కిండు?"

పుస్తకం తిరగేశాను. దేవుడికి మొక్కాడనే ఉంది, ఏ దేవుడో రాయలేదు.

"ఒడ్డుకొచ్చినంక మొక్కు సెల్లించిండా?"

అదీ రాయలేదు. అవ్వ చేట పక్కన పెట్టి నా వైపు జాలిగా చూసింది. "గట్లైతే కథ అయిపోలే బిడ్డా. బయటవడ్డంక మొక్కు మర్సిపోయినోని కథ నాకెందుకు జెప్తున్నవ్" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మొక్కుల విషయంలో అవ్వ పట్టింపుకు కారణం మా ఇంటి ముందే గుంజకు కట్టేసి ఉండేది. నేను ఆ గదిలో చేరకముందు ఓనరన్న బండి మీద నుంచి పడి నడుం దెబ్బతిని మంచం పట్టాడట. డాక్టర్లు ఏ సంగతీ చెప్పలేక చూద్దాం అంటుంటే, అవ్వ మైసమ్మ దగ్గరికి పోయి, నా కొడుకు లేచి నడిస్తే నీకు యాటను బలి ఇస్తానని మొక్కుకుంది. ఓనరన్న లేచాడు, నడిచాడు, మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. అవ్వ ఒక నల్ల మేకపిల్లను కొని, అమ్మవారికి చూపించి తెచ్చి, శ్రావణం వచ్చేదాకా మేపుతోంది. నేను చేరేనాటికి అది కొమ్ములు తిరిగిన పోతు అయింది. మొక్కుకు విడిచినదానికి పేరు పెట్టకూడదని అవ్వ మొదటే చెప్పింది కాబట్టి నేను పైకి ఏ పేరూ పెట్టలేదు. లోపల మాత్రం 'కెప్టెన్' అనుకునేవాణ్ణి.

మా ఇద్దరికీ స్నేహం కుదరడానికి కారణం సాహిత్యమే. నేను కిటికీలో పెట్టిన పుస్తకంలో చివరి పేజీలు అది నమిలి మింగేసింది. ఆ నావికుడు బతికాడో చచ్చాడో ఇప్పటికీ దానికే తెలుసు. కోపంతో కొట్టబోయి, ఆ పసుపు కళ్ళు చూసి ఊరుకున్నాను. ఆ తర్వాత టిఫిన్ డబ్బాలో మిగిలిన చపాతీలు దానికే పెట్టేవాణ్ణి. కంపెనీ బస్సు హారన్ వినగానే గుంజ చుట్టూ తిరిగేది. మా ఇంట్లో గుడ్డు పేరెత్తితేనే అమ్మ నోరు కడుక్కోమనేది, ఆ ఇంటి బిడ్డ బలికి పెంచుతున్న మేకపోతు మెడ గోకుతూ కూర్చోవడం చూసి అవ్వ ఒకటే మాట అంది. "దానికి అలవాటు పడకు బిడ్డా. అది అమ్మది. మనం మేపుతున్నం, గంతే."

ఆషాఢం చివర్లో వాన పట్టుకుంది. వదలకుండా పడుతూనే ఉంది. ఆ మధ్యలోనే అవ్వ వాళ్ళింటిల్లిపాదీ సంగారెడ్డిలో పెండ్లికి పోతూ, "యాటను జెర సూస్కో బిడ్డా" అని నాకు అప్పగించారు. నేను రాత్రి డ్యూటీ చేసి వచ్చి, దాన్ని నా గదిలోకి తెచ్చి కట్టి, పడుకున్నాను. మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి కెప్టెన్ మంచమెక్కి నా పొట్ట మీద నిలబడి ఉంది. దించుదామని కాలు కింద పెడితే మోకాలి దాకా నీళ్ళు. చెరువు నిండి మత్తడి దుంకిందని బయట ఎవరో అరుస్తున్నారు.

నిచ్చెన వేసుకుని పక్కింటి స్లాబు మీదికి పోవచ్చు. అంటే నేను పోవచ్చు. మేకపోతును భుజాన వేసుకుని ఎక్కుదామని చూశాను కానీ, అది నన్ను భుజాన వేసుకునేంత ఉంది. దాన్ని వదిలేసి పోవడానికి మనసు ఒప్పలేదు. అప్పుడు వాకిట్లో తేలుతున్న నీలం డ్రమ్ములు కనిపించాయి. మా దగ్గర ప్రతి ఇంట్లో నీళ్ళు పట్టుకోవడానికి ఉండేవే, మూతలున్నవి. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నాకు భయం కంటే ముందు సంతోషం కలిగింది. ఇన్నాళ్ళు చదివిన చదువు అక్కరకొచ్చే రోజు వచ్చింది. డ్రమ్ముల మీద నవారు మంచం బోర్లించి, బట్టలారేసే తాళ్ళతో కట్టి, మేకపోతును ఎక్కించి, పొడుగు చీపురు తెడ్డుగా పట్టుకుని గేటు దాటాను. స్లాబుల మీది నుంచి జనం చూస్తున్నారు. "ఓ సారూ, యాడికి?" అని ఒకాయన అడిగాడు. చీపురెత్తి ముందుకు చూపించాను.

గల్లీలో నీళ్ళు పారుతున్నాయి. నా తెడ్డుతో పని లేకుండా మమ్మల్ని తీసుకెళ్ళి ప్లాట్లు చేసి అమ్మకానికి పెట్టిన బయలులో వదిలాయి. అక్కడ నిజంగానే సముద్రం ఉంది. కనుచూపు మేర నీళ్ళు, దూరంగా రింగ్ రోడ్డు మీద పోయే లారీలు, నీళ్ళ మీద తెల్లటి నురగ కూడా (అది ఎక్కడి నుంచి వచ్చిందని మా ప్రాంతం వాళ్ళెవరూ అడగరు). నేను లేచి నిలబడి గుండె నిండా గాలి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒక ముడి ఊడింది. ఒక డ్రమ్ము తన దారిన తాను పోయింది, మంచం ఒక పక్కకు ఒరిగింది. నాకు ఈత రాదన్న సంగతి అప్పటిదాకా గుర్తు రాలేదు.

ఏ దేవుడికి మొక్కాలో నాకు సందేహం రాలేదు. కెప్టెన్ మెడ పట్టుకుని, "అమ్మా మైసమ్మా, మా ఇద్దర్ని ఒడ్డెక్కియ్యి" అన్నాను. మొక్కంటే ఏదో ఒకటి ఇవ్వాలి కదా. మాంసం ముట్టని ఇంట పుట్టినవాణ్ణి, యాటనిస్తాననలేను. మా దగ్గర ఉన్న ఒక్క యాటా ఇదివరకే ఆమెది. తోచక, "నెత్తిన బోనమెత్తుకొని వస్త" అనేశాను. మా వైపు బోనం ఎత్తేది ఆడవాళ్ళని ఆ కంగారులో తట్టలేదు.

మొక్కు నోట్లో ఉండగానే మేకపోతు నీళ్ళలోకి దూకింది. నేను ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఏడుస్తూ చూస్తే అది మునగలేదు, నీళ్ళు దాని ఛాతీ దాకానే ఉన్నాయి, తాపీగా నిలబడి నా వైపు చూస్తోంది. నాకు మాత్రం రెండో పక్కనున్న ప్రహరీ గోడ దగ్గరగా అనిపించి, అటు దిగబోతూ తాడు లాగాను. అది కాళ్ళు తన్నిపెట్టి కదలలేదు. మళ్ళీ లాగాను. కొమ్ములు వంచి వెనక్కి లాగింది. మొండిఘటం అని తిట్టుకుంటూ దాని వైపే దిగాను. కాళ్ళకు గట్టి నేల తగిలింది. అది ముందు, తాడు పట్టుకుని నేను వెనక. రోజూ మేతకు పోయే బాట దానికి నీళ్ళ కింద కూడా తెలుసు. ఒక చోట తిన్నగా, ఒక చోట చుట్టు తిరిగి, నన్ను నడిపించుకుంటూ తీసుకెళ్ళి ఎత్తు మీదున్న ఫంక్షన్ హాలు మెట్లెక్కించింది. నీళ్ళు తగ్గిన తర్వాత పోయి చూశాను. నేను దిగబోయిన పక్కన పైపులైను కోసం తవ్వి వదిలేసిన కందకం ఉంది. ఇద్దరు మనుషుల లోతు. 

పెండ్లి నుంచి తిరిగొచ్చిన అవ్వ వాళ్ళు మమ్మల్ని వెతుక్కుంటూ సాయంత్రానికి ఫంక్షన్ హాలుకు చేరుకున్నారు. అవ్వ వచ్చి మేకపోతు తల నిమిరింది, తర్వాత నా తల నిమిరింది. జరిగినదంతా చెప్పాను. అంతా విని, "ఏ దేవునికి మొక్కినవ్?" అంది.

"మైసమ్మకే అవ్వా. నెత్తిన బోనమెత్తుకుంట అన్న."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ధైర్యంతోనే, వారం తర్వాత ఇల్లు కడిగి సర్దుకుంటుండగా అసలు మాట ఎత్తాను. "అవ్వా, అది నా పానం కాపాడింది. దాన్ని ఇడిసిపెట్టరాదూ. ఇంకో యాటను నేను కొనిస్త."

"సూపెట్టిన యాటను మారుస్తరా బిడ్డా?" అంది అవ్వ. కోపం లేదు, భయం ఉంది. "నీ మొక్కు నీది, నా మొక్కు నాది. నా కొడుకు నడుస్తున్నడు. మాట దప్పినంక మల్ల వాడు మంచంల వడితే నేనెవరికి జెప్పుకోవాలె?"

 ఓనరన్న పక్కనే నిలబడి విన్నాడు. 

శ్రావణంలో ఆదివారం వచ్చింది. నేను ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వేసుకుని, నెత్తిన బోనంతో ఆడవాళ్ళ వరుసలో నడిచాను. ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశారు, ఓనరన్న భార్య, మా వదిన, అడుగడుగునా "మెడ గట్టిగ వెట్టు తమ్మీ" అని హెచ్చరించింది. నా చూపు మాత్రం ముందు పోతున్న మేకపోతు మీదే ఉంది. గుడి ముందు నిలబెట్టి, పసుపు నీళ్ళు వీపు మీద పోసి, వేపమండతో తట్టారు. నీళ్ళు పడ్డ యాట ఒళ్ళంతా ఒక్కసారి దులపాలి. దాన్నే జడత ఇవ్వడం అంటారు. జడత ఇస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే కత్తి ఎత్తరు. ఎత్తకపోవడం ఎవరూ చూడలేదు, ఎందుకంటే నీళ్ళు పోస్తే దులుపుకోని జీవం ఉండదు.

నాకు దండం పెట్టుకుందామంటే చేతులు రెండూ బోనం పట్టుకుని ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ జనం కేక వినిపించక తెరిచాను. కెప్టెన్ నెమరు వేస్తూ నిలబడి ఉంది. రెండో చెంబు పోశారు. డప్పులు పెంచారు. చెవిలో ఊదారు. బకెట్టే కుమ్మరించారు. ఛాతీ లోతు వరదలో నానిన జీవానికి బకెట్టు ఏపాటి? మసాలా నూరి, ఉల్లిగడ్డలు కోసి పెట్టుకున్న చుట్టాలు మెడలు సాచి చూస్తున్నారు. మగోడు బోనమెత్తితే ఇట్లనే అయితదని వెనక ఎవరో గొణిగారు. అవ్వ మొహం పాలిపోయింది. తనే చెంబు అందుకుని, "ఏం తప్పు జేసిన అమ్మా" అంటూ పోసింది. మేకపోతు ఆమె చేతికంటిన నీళ్ళు నాకింది.

"అమ్మకు వద్దవ్వా. ఇడిసిపెట్టు" అన్నాడు పూజ చేసే పెద్దాయన.

అవ్వ కదలలేదు. అప్పుడు ఓనరన్న ముందుకొచ్చి తల్లి చేతిలో చెంబు తీసుకున్నాడు. "అమ్మా, గంత వానల మైసమ్మ చేతిలకే పోయింది గదనే. కావాలంటే గప్పుడే ఉంచుకునేది. నువ్విచ్చినవ్, ఆమె తీస్కున్నది, మనకే మర్లిచ్చింది. నాకేం గాదు, సూడు" అని అవ్వ ముందు నాలుగడుగులు నడిచి చూపించాడు. అవ్వ కొడుకు కాళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పసుపు తీసి మేకపోతు నుదుట పెట్టింది. ఆ రోజు మసాలా అంతా వంకాయల్లో పడింది. కడుపు నిండా తిన్నది నేనొక్కణ్ణే.

పొద్దు వాలుతుంటే అందరూ ముందు పోయారు. అవ్వా, నేనూ, కెప్టెన్ వెనకబడ్డాం. గుడి కనుమరుగై కిరాణా కొట్టు మూల తిరిగామో లేదో, మేకపోతు ఆగింది, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టింది, కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళంతా దులిపింది. నా తెల్ల ప్యాంటు పసుపు పచ్చనైంది.  అవ్వ నిలబడిపోయింది. వెనక్కి తిరిగి గుడి వైపు చూసింది, ముందుకు చూసింది, చివరికి నన్ను చూసింది.

"నువ్వేమన్న సూసినవా?"

"లేదవ్వా."

"నేను గూడ సూడలే. దానికి సలి వెట్టింది. నడు" అని, కొంగు తీసి దాని వీపు గట్టిగా తుడిచింది.

ఇప్పుడు నాకు బట్టతల వచ్చింది, ఇల్లొచ్చింది, సముద్రం కూడా చూశాను. బాగానే ఉంది. అవ్వకూ, కెప్టెన్‌కూ, పేరు చెప్పుకుని బతుకుతున్నందుకు మైసమ్మకూ నేను పడ్డ రుణం తీరేది కాదు. కానీ ఎప్పుడైనా వానలో తడిసి వచ్చి గుమ్మంలో తల దులుపుకోబోయి, ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూస్తాను. ఎందుకట్ల చూస్తారని మా ఆవిడ అడుగుతుంది. ఏం లేదని చెప్పి, లోపలికి వచ్చి, తలుపేసుకుని అప్పుడు దులుపుకుంటాను.